ఉక్రెయిన్ యుద్ధాన్ని పాత యుద్ధాలతో పోల్చడం ఎంతవరకు సబబు?

తెనాలి_పాఠకుడు
నిన్న రాత్రి ఒక తెలుగు వార్తా చానల్లో అలాస్కా సమావేశం మీద గంటసేపు సాగిన చర్చ చూశాను. 2025 ఆగస్టు 15న ట్రంప్, పుతిన్ యాంకరేజ్‌లో కలిశారు, జెలెన్‌స్కీని పిలవలేదు, కాబట్టి ఇది అచ్చంగా 1938 నాటి మ్యూనిక్ ఒప్పందమేనని ఒక విశ్లేషకుడు తేల్చేశారు. రెండవ ఆయన స్టాలిన్‌గ్రాడ్‌ను తలచుకుని, రష్యాను ఓడించిన వాడు చరిత్రలో లేడన్నారు. మూడవ ఆయన 1953లో కొరియాలో చేసినట్లు ఒక గీత గీసి ముగిస్తారని జోస్యం చెప్పారు. ముగ్గురి ధీమా చూస్తే, ఎప్పుడో ముగిసి పాఠ్యపుస్తకాలకెక్కిన యుద్ధం గురించి మాట్లాడుతున్నారేమో అనిపించింది. తూర్పు ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్‌లో ఇప్పుడు పోరు రేఖ ఎక్కడుందో, అక్కడ సైన్యాలు ఎలా పోరాడుతున్నాయో గంటలో ఒక్క నిమిషమైనా ప్రస్తావనకు రాలేదు.

జరుగుతున్న యుద్ధాన్ని జరిగిపోయిన యుద్ధంతో పోల్చడం అసలు న్యాయమేనా? దానివల్ల మనకు కొత్తగా తెలిసేది ఏమైనా ఉందా, లేక తెలియని విషయాన్ని తెలిసినట్లు చూపించే ఉపాయమేనా?

పాత_పత్రికలు
చానల్ వారి మీద కోపాన్ని పోలిక మీద చూపకండి. మ్యూనిక్ ప్రస్తావనలో పస ఉంది, అయితే అది "పిలవలేదు" అన్న ఒక్క మాటలో లేదు.

1938 సెప్టెంబరు 29న హిట్లర్, ఇటలీ అధినేత ముస్సోలినీ, బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్, ఫ్రాన్స్ ప్రధాని దలాదియే మ్యూనిక్‌లో కూర్చున్నప్పుడు చెకొస్లొవాకియా ప్రతినిధులు అదే ఊరిలో ఒక హోటల్ గదిలో కాపలా మధ్య ఎదురుచూస్తూ ఉన్నారు. సంతకాల వేళకు వారిని పిలిచి, తమ దేశంలో ఏయే భాగాలు పోతున్నాయో పటం మీద చూపించారు. పోయింది జర్మన్ మాట్లాడే జనం ఉన్న సుదేతన్ భూభాగం మాత్రమే అనుకుంటారు చాలామంది. ఆ కొండల వెంబడి చెక్‌లు ఏళ్ల తరబడి కట్టుకున్న కాంక్రీటు కోటల వరుస కూడా ఒక్క గుండు పేలకుండా దానితోపాటే పోయింది. ఆరు నెలలు తిరగకముందే, 1939 మార్చి 15న, జర్మన్ సైన్యం ప్రాగ్‌లోకి నడిచి వెళ్లింది.

ఇప్పుడు దొనెత్స్క్ ప్రాంతంలో ఉక్రెయిన్ చేతిలో మిగిలిన భాగాన్ని పోరు లేకుండా అప్పగించాలని రష్యా అడుగుతున్నట్లు వార్తలు వస్తున్నాయి. స్లొవియాన్స్క్, క్రమతోర్స్క్, ద్రుజ్కివ్కా, కొస్త్యాంతినివ్కా ఆ భాగంలోనే ఉన్నాయి. 2014 నుంచి ఉక్రెయిన్ కందకాలతో, కాంక్రీటుతో బలపరచుకుంటూ వచ్చిన వరుస అది. దాని వెనుక పడమటి దిక్కున అంత గట్టి అడ్డు మరొకటి లేదు. నేను పోల్చేది ఇంతవరకే. పుతిన్ హిట్లరా కాదా అన్న వాదనలోకి దిగవలసిన అవసరం కూడా నాకు లేదు.

ఓరుగల్లు_కోట
మీరు "ఇంతవరకే" అని ఆగగలరు, మ్యూనిక్ అనే పేరు మాత్రం ఆగదు. ఆ పేరు నోట రాగానే, అవతలివాడు హిట్లర్ అన్నట్లూ, చర్చలకు కూర్చున్నవాడు చాంబర్లేన్ అన్నట్లూ, యుద్ధం తప్ప మార్గం లేదన్నట్లూ విన్నవారి మనసులో ముద్ర పడిపోతుంది.

ఆంథొనీ ఈడెన్ కథ చూడండి. ముస్సోలినీ పట్ల చాంబర్లేన్ బుజ్జగింపు ధోరణి నచ్చక 1938 ఫిబ్రవరిలో బ్రిటన్ విదేశాంగ మంత్రి పదవి వదులుకున్న మనిషి ఆయన. ఆ పాఠం ఎవరికైనా బాగా తెలుసునంటే ఆయనకే తెలియాలి. 1956 జూలైలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయెజ్ కాలువను జాతీయం చేయగానే, అప్పటికి ప్రధానిగా ఉన్న ఈడెన్‌కు నాసర్‌లో మరో ముస్సోలినీ కనిపించాడు. ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌తో కలిసి దండెత్తారు. అమెరికా కన్నెర్రజేసింది, పౌండు విలువ ఆటుపోట్లకు లోనైంది, వారం రోజుల్లో కాల్పులు ఆపవలసి వచ్చింది, మరుసటి జనవరికి ఈడెన్ పదవి పోయింది. 1965 జూలైలో లిండన్ జాన్సన్ వియత్నాంకు మరిన్ని బలగాలను పంపుతున్నప్పుడు చెప్పిన కారణాల్లో కూడా మ్యూనిక్ ఉంది. ఈ రెండు సందర్భాల్లోనూ, పోలిక సరిపోతుందా అని చూసి నిర్ణయం తీసుకోలేదు. నిర్ణయం ముందే అయిపోయింది, దానికి తగిన పోలికను తరువాత తెచ్చుకున్నారు.

ఇంకొక తేడా. 1938లో ఎవరి దగ్గరా అణ్వాయుధాలు లేవు. "అప్పుడే ఎదిరించి ఉంటే" అన్న వాక్యం నేడు అదే అర్థంతో చెల్లదు.

బందరు_బాబాయి
మ్యూనిక్ దాకా ఎందుకు, మనకు అంతకన్నా ముందే ఒక రాయబారం ఉన్నది కదా! ఐదూళ్లిస్తే చాలునన్నారు, అవీ ఇవ్వలేదు, ఏం జరిగిందో అందరికీ తెలుసు.

నిశాపతి
బాబాయి గారూ, అక్కడ ఐదూళ్లు అడిగింది రాజ్యం పోగొట్టుకున్నవారు. ఇక్కడ ఊళ్లు అడుగుతున్నది దండెత్తి వచ్చినవారు. పైగా సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నవాడు మన కథలో ప్రతినాయకుడు, ఈ కథలో ఆ మాట అంటున్నది కీవ్. మీ పోలికను ఏ వైపు నుంచి చూసినా అడ్డం తిరుగుతోంది.

బందరు_బాబాయి
అడ్డం తిరగడానికే పెట్టాను. ఓరుగల్లు వారు పై టపాలో చెప్పిన ఈడెన్‌కు ఆ మాత్రం ఎదురు చెప్పే నిశాపతి ఒక్కడు పక్కన లేకపోయాడు.

మాజీ_ఫిరంగి
నేను భారత సైన్యంలో ఫిరంగి దళంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. రాజకీయ పోలికల సంగతి మీరు చూసుకోండి, యుద్ధరీతి గురించి రెండు మాటలు చెబుతాను. ప్రతి పత్రికలోనూ ఉక్రెయిన్ కందకాల ఫొటో వేసి కింద మొదటి ప్రపంచ యుద్ధం అని రాస్తున్నారు. ఫొటోకు ఆ మాట సరిపోతుంది. బురద, ముళ్లకంచె, మోడువారిన చెట్లు, నెలల తరబడి ఒకే ఊరి కోసం పోరు, అన్నీ ఉన్నాయి. 2023లో బాఖ్‌ముత్ పడిపోయే నాటికి అక్కడ గోడలు తప్ప పైకప్పులు మిగలలేదు.

కానీ 1916 జూలై 1న సోమ్ నది దగ్గర బ్రిటిష్ సైన్యం ఒక్కరోజులో 57,470 మందిని కోల్పోయిందంటే, అందులో చనిపోయినవారే 19,240 మంది అంటే, దానికి కారణం వేలాది మందిని ఒకేసారి కందకాల్లోంచి లేపి ముందుకు నడిపించడం. ఆ జనసమ్మర్దం ఇప్పుడు సాధ్యం కాదు. పైన నిరంతరం డ్రోన్ తిరుగుతుంటుంది. పది మంది ఒకచోట చేరితే చాలు, నిమిషాల్లో కనిపెట్టి కొడతారు. అందుకే ఇద్దరు ముగ్గురు చొప్పున, కొన్నిచోట్ల మోటారు సైకిళ్ల మీద, ఖాళీల గుండా చొరబడుతున్నారు. 1916లో ముందు కందకం దాటి వెనక్కి వచ్చిన సైనికుడు ఫిరంగులకు అందే దూరంలో ఉన్నా కొంత ఊపిరి పీల్చుకునేవాడు. ఇప్పుడు రేఖకు పది, పదిహేను కిలోమీటర్ల వెనుక రొట్టె తెచ్చే బండి కూడా వేటకు గురవుతోంది. రేడియో సంకేతాలను అడ్డుకుంటున్నారని ఇప్పుడు డ్రోన్‌కు సన్నని గాజు తీగ కట్టి వదులుతున్నారు. పొలాల మీద ఆ తీగలు సాలెగూడు పట్టినట్లు పరుచుకుని ఉన్న దృశ్యాలు నేను చూశాను. సోమ్‌లో దానికి సమానమైనది ఏదీ లేదు.

తెనాలి_పాఠకుడు
@మాజీ_ఫిరంగి గారూ, అయితే మొదటి ప్రపంచ యుద్ధంతో పోలిక పూర్తిగా తప్పంటారా?

మాజీ_ఫిరంగి
పూర్తిగా తప్పని అనను. దాడి చేసేవాడికన్నా కాచుకునేవాడికి ఎక్కువ అనుకూలత ఉండటం, గుండ్ల తయారీ వేగమే గెలుపోటములను నిర్ణయించడం, గెలిచిన కిలోమీటర్లకూ పోయిన ప్రాణాలకూ పొంతన లేకపోవడం, ఈ మూడింటిలో పోలిక నిలుస్తుంది. దాన్ని పట్టుకుని "1918లో ట్యాంకులు వచ్చి ప్రతిష్టంభనను ఛేదించాయి, ఇక్కడా అలాగే జరుగుతుంది" అని ముందుకు దూకితేనే చిక్కు. ఇప్పుడు ట్యాంకులే ముందుగా దాక్కుంటున్నాయి.

ఖార్కివ్_వైద్యుడు
నేను వైద్యవిద్య కోసం ఖార్కివ్‌లో ఉన్నప్పుడు యుద్ధం మొదలైంది. మా ఇంటి యజమానురాలు 1943లో పుట్టిన ఆవిడ. ఇక్కడ మీరంతా పోలిక పెట్టవచ్చునా కూడదా అని వాదిస్తున్నారు, ఆవిడకు అటువంటి ఎంపిక ఉన్నట్లు నాకు తోచలేదు. తెల్లవారుజామున మొదటి పేలుడు వినబడిన గంటలోనే గోధుమరంగు కాగితపు పట్టీలు తీసి ప్రతి కిటికీ అద్దం మీద అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు అంటించడం మొదలుపెట్టింది. 1941లో తన తల్లి అలాగే అంటించిందని చెప్పింది. అల్మారాలో బక్‌వీట్ గింజలు, ఉప్పు, అగ్గిపెట్టెలు ఎప్పుడూ నిలవ ఉండేవి, అవి ఎందుకో ఆరోజు నాకు అర్థమైంది.

ఆ జ్ఞాపకం కొంత పనికి వచ్చింది. పట్టీలు వేసిన అద్దాలు పగిలినా ముక్కలు మీద పడలేదు. కానీ అదే జ్ఞాపకం ఆవిడను కొంత తప్పుదారి కూడా పట్టించింది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఖార్కివ్ నాలుగుసార్లు చేతులు మారింది. అందుచేత సైన్యం వీధుల్లోకి వస్తుంది, కొన్నాళ్లు ఉంటుంది, మళ్లీ పోతుంది, ఇంట్లో తలుపు వేసుకుని ఓర్చుకోవాలి అన్నది ఆవిడ లెక్క. జరిగింది అది కాదు. 2022 ఫిబ్రవరి 27న రష్యా బలగాలు నగరంలోకి చొరబడితే ఆ రోజే తిప్పికొట్టారు. సైన్యం లోపల నిలదొక్కుకోలేదు, దూరం నుంచి రాకెట్లు మాత్రం ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. తలుపు వేసుకుని ఓర్చుకోవడం అందుకు సరైన పద్ధతి కాదు. మేము మెట్రో స్టేషన్‌కు రమ్మని ఎంత బతిమాలినా ఆవిడ రాలేదు. తన తల్లి కాలంలో ఖార్కివ్‌లో మెట్రో లేదు మరి.

మార్చి 2న మన రాయబార కార్యాలయం సాయంత్రం ఆరు గంటలలోగా పిసోచిన్, బాబాయి, బెజ్‌లూదివ్కా అనే ఊళ్లకు ఎలాగైనా చేరుకోమని ప్రకటించినప్పుడు మేము నడిచి బయలుదేరాం. (బందరు బాబాయి గారు క్షమించాలి, ఆ ఊరి పేరు నిజంగా అదే.) ఆవిడ అక్కడే ఉండిపోయింది.

బందరు_బాబాయి
క్షమించాను. ఆ పెద్దావిడ క్షేమమేనా?

ఖార్కివ్_వైద్యుడు
తరువాత పోల్తావాలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లిందని మా సహాధ్యాయి ద్వారా తెలిసింది. ఇంకొక మాట. ఆవిడ మాట్లాడేది రష్యన్. సరిహద్దు అవతల బెల్‌గరద్‌లో ఆవిడకు బంధువులున్నారు. వారు ఫోన్ చేసి, "ఫాసిస్టుల నుంచి మిమ్మల్ని విడిపించడానికే మావాళ్లు వచ్చారు" అన్నారట. 1941 జ్ఞాపకమే ఇద్దరిదీ. ఒకరు ఆ జ్ఞాపకంతో కిటికీకి పట్టీలు వేశారు, ఇంకొకరు అదే జ్ఞాపకంతో ఆ కిటికీ మీద పడే రాకెట్‌ను సమర్థించారు.

లెక్కల_మాస్టారు
ఖార్కివ్ వైద్యుడు గారు చెప్పినదానికి కొనసాగింపుగా. రష్యాలో "మహా దేశభక్త యుద్ధం" అనే పేరు 1941 జూన్ 22 నుంచి 1945 మే 9 వరకు సాగిన 1,418 రోజులకు వర్తిస్తుంది. ఆ అంకె అక్కడి పిల్లలకు కంఠతా వచ్చు. ఇప్పటి యుద్ధం 2025 ఆగస్టు నాటికే సుమారు 1,270 రోజులు దాటింది. 1,418 రోజుల్లో ఎర్రసైన్యం మాస్కో గుమ్మం నుంచి బెర్లిన్ చేరుకుంది. ఇప్పటి సైన్యం ఇన్ని రోజుల్లో దొనెత్స్క్ ప్రాంతాన్ని కూడా పూర్తిగా పట్టుకోలేకపోయింది. పోలికను వారే మొదలుపెట్టారు గనుక లెక్క కూడా వారికే చూపించాలి.

మరొక అన్యాయం ఏమిటంటే, ఆనాటి సోవియట్ నష్టంగా చెప్పే 2 కోట్ల 70 లక్షల ప్రాణాల్లో లక్షల సంఖ్యలో ఉక్రెయినియన్లు ఉన్నారు. ఎర్రసైన్యంలో వారూ పోరాడారు. ఆ విజయాన్ని మొత్తంగా మాస్కో తన ఖాతాలో రాసుకుని, ఆనాటి శత్రువు పేరును కీవ్‌కు అంటగట్టడం పోలిక అనిపించుకోదు, ఆస్తి పంపకంలో మోసం అనిపించుకుంటుంది.

పాత_పత్రికలు
@లెక్కల_మాస్టారు, మీరు ఓరుగల్లు వారి వాదననే బలపరుస్తున్నారు. అయితే పుతిన్ వాడే పోలిక 1941 ఒక్కటే కాదు. 2022 జూన్ 9న, పీటర్ చక్రవర్తి 350వ జయంతి సందర్భంగా, 1700లో మొదలై స్వీడన్‌తో 21 ఏళ్లు సాగిన మహా ఉత్తర యుద్ధాన్ని ప్రస్తావించి, పీటర్ ఎవరి నేలనూ లాక్కోలేదు, తనదాన్ని తిరిగి తీసుకున్నాడు అన్న అర్థంలో మాట్లాడారు. 1941 పోలిక ప్రకారం ఇది ఆత్మరక్షణ. 1700 పోలిక ప్రకారం ఇది రాజ్యవిస్తరణ. రెండూ ఒకే నోట, ఒకే యుద్ధం గురించి వచ్చాయి. కాబట్టి పోలికలను మూటగట్టి అవతల పారేయడం కన్నా, పాలకుడు ఏ పోలిక ఎన్నుకున్నాడో గమనించడం వల్ల మనకు లాభమే ఉంది. యుద్ధం ఎన్నాళ్లు సాగించడానికి సిద్ధపడ్డాడో ఆ 21 అంకెలో నాకు కనబడింది.

డల్లాస్_ప్రవాసి
ఆ పని ఒకవైపే జరగలేదు. జెలెన్‌స్కీ 2022 మార్చిలో వరుసగా చేసిన ప్రసంగాలను పక్కపక్కన పెట్టి చూడండి. బ్రిటన్ పార్లమెంటులో చర్చిల్ వాక్యాల ఫక్కీలో అడవుల్లో, పొలాల్లో, తీరాల్లో పోరాడతామన్నారు. అమెరికా కాంగ్రెస్‌లో పెర్ల్ హార్బర్, సెప్టెంబరు 11 గుర్తుచేశారు. జర్మన్ పార్లమెంటులో గోడ గురించి మాట్లాడారు. ఇజ్రాయెల్ చట్టసభ సభ్యుల ముందు యూదుల సామూహిక హననాన్ని ప్రస్తావించారు, అక్కడ మాత్రం చాలామంది నొచ్చుకుని బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. ఒకే యుద్ధం రెండు వారాల్లో నాలుగు యుద్ధాలయింది. ఆయనను తప్పు పట్టడం లేదు. ఆయుధాలు అడగవలసిన అవసరం ఉన్నవాడు, వినేవారికి ఏ గాయం గుర్తుందో ఆ గాయాన్నే తడుముతాడు. అటువంటి ప్రసంగాన్ని చరిత్ర విశ్లేషణగా తీసుకోవడం మన పొరపాటు అవుతుంది.

నిర్వాహకుడు
1971 యుద్ధాన్ని, 2025 మే నెల భారత్–పాకిస్తాన్ ఘర్షణను పోలుస్తూ పార్టీల పేర్లతో తిట్టుకున్న రెండు టపాలు తొలగించాను. విషయం మీద ఉండండి.

నిశాపతి
తొలగించినవాటిలో ఒకటి నాది కాదని మనవి. భారత ఉదాహరణ ఒకటి తిట్లు లేకుండా చెప్పవచ్చు. 2017లో డోక్లాం దగ్గర సైన్యాలు ఎదురుబొదురుగా నిలబడినప్పుడు, చరిత్ర పాఠాలు గుర్తుంచుకోమని చైనా వైపు నుంచి 1962ను ఉద్దేశించి హెచ్చరిక వచ్చింది. అప్పటి రక్షణ మంత్రి అరుణ్ జైట్లీ, 2017 నాటి భారత్ 1962 నాటి భారత్ కాదని బదులిచ్చారు. పోలికకు ఇచ్చిన జవాబులో పోలికను తిరస్కరించడమే ఉంది. చైనా కూడా 1962 నాటి చైనా కాదన్న సంగతి మాత్రం ఆ జవాబులో ఇమడలేదు.

హెల్సింకి_తెలుగు
పోలిక పెట్టేవారు కథను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతారో చూడాలని నేను అంటాను. ఇక్కడ ఫిన్లాండ్‌లో ఉక్రెయిన్ మాట వస్తే అందరూ తలచుకునేది శీతకాల యుద్ధాన్నే, ఆ పోలికలో ఆశ్చర్యపరిచే పోలికలు నిజంగానే ఉన్నాయి. 1939 నవంబరు 26న మైనిలా అనే ఊరి మీద గుండ్లు పడ్డాయని సోవియట్ యూనియన్ ఒక సాకు చూపించింది. నాలుగు రోజులకు దండెత్తింది. సరిహద్దు ఊరు తెరియోకిలో ఒట్టో కూసినెన్ అధ్యక్షుడిగా ఒక బొమ్మ ప్రభుత్వాన్ని నిలబెట్టి, యుద్ధం చేయడం లేదు, ఫిన్లాండ్ ప్రజల ప్రభుత్వానికి సహాయం చేస్తున్నామని చెప్పింది. త్వరగా ముగుస్తుందనుకున్న పని 105 రోజులు పట్టింది, లక్షకు పైగా సోవియట్ సైనికులు చనిపోయారు. నానాజాతి సమితి సోవియట్ యూనియన్‌ను బహిష్కరించింది, యుద్ధం మాత్రం ఆగలేదు.

ఇక్కడిదాకా చెప్పి, "చిన్న దేశం నిలబడింది" అని ఆపేస్తారు ఒక వర్గం వారు. 1940 మార్చి ఒప్పందంలో దేశంలో దాదాపు పదో వంతు భూభాగం, విపురి నగరంతో సహా, వదులుకోవలసి వచ్చిందనీ, అయినా స్వాతంత్ర్యం మిగిలిందనీ, కాబట్టి ఉక్రెయిన్ కూడా నేల ఇచ్చి బతకవచ్చుననీ ఇంకొక వర్గం వారు ఆపుతారు. ఎవరూ 1941 దాకా రారు. ఆ ఒప్పందం నిలవలేదు. పదిహేను నెలలకే ఫిన్లాండ్ పోయిన నేల కోసం హిట్లర్ పక్కన చేరి మళ్లీ యుద్ధంలోకి దిగింది, మళ్లీ ఓడింది. కరేలియా నుంచి కదిలి వచ్చిన 4 లక్షల మందికి మిగిలిన దేశంలో పొలాలు పంచి ఇచ్చారు, ఆ కుటుంబాల మనుమలు ఇప్పటికీ తమ ఊరి పేరు చెప్పుకుంటారు. నా సహోద్యోగి ఒకరు తాతగారి ఇంటి తాళంచెవిని చట్రం కట్టించి గోడకు పెట్టుకున్నారు. సుమారు 80 ఏళ్లపాటు ఏ సైనిక కూటమిలోనూ చేరకుండా ఉన్న దేశం 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరిపోయిందంటే, వీరు ఆ పోలికను ఎంత గట్టిగా నమ్మారో తెలుస్తుంది.

ఓరుగల్లు_కోట
ఇది ఒప్పుకోదగిన పోలిక. ఎందుకంటే మీరు దాని నుంచి ఆజ్ఞ తీయలేదు.

పాత_పత్రికలు
మ్యూనిక్ నుంచి నేను కూడా ఆజ్ఞ తీయలేదు, కోటల వరుస గురించి అడిగాను. దానికి మీరింకా జవాబు చెప్పలేదు.

ఓరుగల్లు_కోట
చెబుతాను. చెక్‌లకు 1938లో మిత్రుడైన ఫ్రాన్స్ వదిలేసిన తరువాత ఆయుధం ఇచ్చేవారు లేరు, పోరాడక ముందే ఇచ్చేశారు. ఉక్రెయిన్ మూడున్నర ఏళ్లు పోరాడిన తరువాత ఆ మాట వింటోంది. ఆగస్టు 18న జెలెన్‌స్కీ వెంట ఐరోపా నాయకులు వాషింగ్టన్ వెళ్లి కూర్చున్నారు, చెక్‌ల వెంట ఎవరూ మ్యూనిక్ వెళ్లలేదు. కోటల విషయంలో మాత్రం మీ అనుమానం సరైనదే. కాకపోతే ఆ అనుమానానికి దొనెత్స్క్ పటం ఒక్కటి చాలు, మ్యూనిక్ అక్కర్లేదు.

పాత_పత్రికలు
పటంలో కోటలు కనిపిస్తాయి. కోటలు పోయిన ఆరు నెలలకు ఏం జరిగిందో పటంలో కనిపించదు.

గోదావరి_గట్టు
ఒక సందేహం. మన హైదరాబాదు, చుట్టుపక్కల కుర్రాళ్లను ఉద్యోగాల పేరుతో తీసుకెళ్లి రష్యా సైన్యంలో దింపారని 2024లో వార్తలు వచ్చాయి కదా, కొందరు చనిపోయారు కూడా. మా బంధువుల్లో ఒకాయన దీన్ని "జర్మనీ యుద్ధం" (ప్రపంచ యుద్ధం) రోజులతో పోల్చారు. అప్పుడు కూడా తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం వంటి ఊళ్ల నుంచి మనవాళ్లు తమది కాని యుద్ధానికి వెళ్లారన్నది ఆయన వాదన. ఇది సరైన పోలికేనా?

మాజీ_ఫిరంగి
కాదు. మాధవరం నుంచి వెళ్లినవారు సైనికులుగా చేరి, శిక్షణ పొంది, తమ దళంతో, తమ భాష తెలిసిన తోటివారితో వెళ్లారు. పరాయి రాజు కోసమే అయినా, తిరిగొస్తే ఊళ్లో గౌరవం, పింఛను ఉండేవి. ఈ కుర్రాళ్లు సహాయకుల ఉద్యోగమని చెబితే నమ్మి వెళ్లారు, చదవలేని భాషలో కాగితం మీద సంతకం చేశారు, కొద్దిపాటి శిక్షణతో ముందు వరుసకు చేరారు. వారిని సైనికులతో పోల్చకండి, గల్ఫ్‌కు పంపుతానని డబ్బు తీసుకుని ముంచే ఏజెంట్ల బాధితులతో పోల్చండి. అప్పుడు ఎవరిని పట్టుకోవాలో కూడా తెలుస్తుంది.

గోదావరి_గట్టు
మా బంధువుకు ఈ టపా చూపిస్తాను. ఒప్పుకోరు, అయినా చూపిస్తాను.

చరిత్ర_రమణి
కొరియా పోలికను ఎవరూ ముట్టుకోలేదు, మొదటి టపాలో మూడవ విశ్లేషకుడు అన్నది అదే. దానితో భారతదేశానికి నేరుగా సంబంధం ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

"గీత గీసి ముగించారు" అన్నంత తేలికగా అది ముగియలేదు. చర్చలు 1951 జూలైలో కేసాంగ్‌లో మొదలై, తరువాత పన్మున్‌జోమ్‌కు మారి, 1953 జూలై 27న గాని సంతకం దాకా రాలేదు. ఆ రెండేళ్లూ కొండల మీద పోరు సాగుతూనే ఉంది, గీత మాత్రం పెద్దగా కదలలేదు. అన్నిటికన్నా ఎక్కువ కాలం ముడిపడినది యుద్ధఖైదీల విషయం. స్వదేశానికి వెళ్లనన్న ఖైదీని బలవంతంగా పంపాలా వద్దా అన్న దాని మీద నెలలు గడిచాయి. చివరికి అటువంటి ఇరవై రెండు వేల మందికి పైగా ఖైదీలను భారత సైన్యం తన సంరక్షణలోకి తీసుకుంది. తటస్థ దేశాల సంఘానికి జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు, సంరక్షక దళానికి మేజర్ జనరల్ థోరట్ అధిపతి.

ఇప్పుడు పోల్చండి. కొరియా గీత సుమారు 250 కిలోమీటర్లు, రెండు చివరలా సముద్రం. ఉక్రెయిన్‌లో పోరు సాగే రేఖ వెయ్యి కిలోమీటర్లు పైబడింది. కొరియాలో సంతకం తరువాత అమెరికా రక్షణ ఒప్పందం చేసుకుని తన సైన్యాన్ని అక్కడే ఉంచింది, ఇప్పటికీ 28 వేల మందికి పైగా ఉన్నారు. శాంతి ఒప్పందం లేకపోయినా ఆ గీత నిలిచిందంటే కారణం కాగితం కాదు, ఆ సైన్యం. ఉక్రెయిన్‌లో ఆ స్థానంలో ఎవరు నిలబడతారన్న ప్రశ్నకు జవాబు లేకుండా కొరియా అనడంలో అర్థం లేదు. 1953 మార్చిలో స్టాలిన్ మరణించిన తరువాతే చర్చల్లో కదలిక వచ్చిందన్నది కూడా మరువరాదు.

లెక్కల_మాస్టారు
@చరిత్ర_రమణి గారి టపా చదివిన తరువాత కొరియాకు వంద మార్కులకు ముప్పై అయిదు వేస్తున్నాను. ఉత్తీర్ణత మాత్రమే. అఫ్గానిస్తాన్‌కు అది కూడా రాదు. తొమ్మిదేళ్లలో సోవియట్ సైనికులు సుమారు 15 వేల మంది చనిపోయారు, దాన్ని ఆ సమాజం భరించలేకపోయిందని 2022లో చాలామంది రాశారు, ఇప్పుడూ అలాగే కుంగిపోతుందన్నారు. పేర్లతో సహా పత్రికలవారు నిర్ధారించిన రష్యా సైనికుల మరణాలే లక్ష దాటాయి. కుంగిన జాడ లేదు. అఫ్గానిస్తాన్‌కు బలవంతపు సేవలో ఉన్న పిల్లలను పంపారు, ఇక్కడ మారుమూల ప్రాంతాల వారికి ఏళ్ల సంపాదనను ఒక్కసారిగా చేతిలో పెట్టి ఒప్పంద సైనికులుగా తెస్తున్నారు. ఆ ఒక్క తేడాతో లెక్క మొత్తం మారిపోయింది.

డల్లాస్_ప్రవాసి
అయితే ఏ పోలికకు ఎక్కువ మార్కులు వేస్తారు మాస్టారూ?

లెక్కల_మాస్టారు
ఇరాన్–ఇరాక్ యుద్ధానికి. చానళ్లలో దాని ఊసే ఉండదు, ఎందుకంటే అందులో హిట్లర్ లేడు, చర్చిల్ లేడు, ఎవరూ గెలవలేదు. 1980 సెప్టెంబరు 22న, పొరుగు దేశం బలహీనంగా ఉందనుకుని వారాల్లో ముగిద్దామని ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ ఇరాన్ మీద దండెత్తాడు. 1982 నాటికి ఇరాన్ పోయిన నేలలో చాలాభాగం వెనక్కు తెచ్చుకుంది. ఆ తరువాత ఆరేళ్లు కందకాలు, ఒకరి నగరాల మీద ఒకరు క్షిపణులు, ఒకరి చమురు ఓడల మీద ఒకరు దాడులు. ఉక్రెయిన్ డ్రోన్లు రష్యా చమురు శుద్ధి కేంద్రాల మీద పడుతున్నాయన్న వార్త చదివినప్పుడల్లా నాకు ఆ ఓడలే గుర్తుకు వస్తాయి. భద్రతా మండలి 1987 జూలైలో చేసిన 598వ తీర్మానాన్ని ఇరాన్ ఏడాది పాటు పక్కన పెట్టి, విషం తాగినట్లుగా ఉందంటూనే దాని అధినేత ఖొమైనీ 1988లో ఒప్పుకున్నాడు. ఎనిమిదేళ్ల తరువాత సరిహద్దు ఎక్కడ మొదలైందో దాదాపు అక్కడే ఉంది. గెలుపు రాదని తెలిసిన తరువాత కూడా ఒక రాజ్యం ఎంతకాలం పోరాడగలదు, చివరికి ఏది దాన్ని ఆపుతుంది అన్నది తెలుసుకోవాలంటే అక్కడ వెతకాలి.

చరిత్ర_రమణి
ఎంపిక బాగుంది, కానీ మీరు కూడా హెల్సింకి వారు చెప్పిన చోటే ఆగిపోయారు, 1988లో. ఆ యుద్ధం నుంచి సద్దాం పెద్ద సైన్యంతోనూ, గల్ఫ్ దేశాలకు తీర్చవలసిన పెద్ద అప్పుతోనూ బయటపడ్డాడు, రెండేళ్లు తిరగకుండా 1990 ఆగస్టులో కువైట్ మీద పడ్డాడు. కాల్పులు ఆగిన మరునాడు రష్యా దగ్గర మిగిలే సైన్యాన్నీ, యుద్ధం కోసమే నడుస్తున్న కర్మాగారాలనూ, జీతానికి అలవాటుపడిన ఆ ఒప్పంద సైనికులనూ ఏం చేస్తారన్నది మీ లెక్కలో వేసిన తరువాతే మార్కులు ఇవ్వండి. బాల్టిక్ దేశాలవారు అడుగుతున్నది కూడా అదే.

లెక్కల_మాస్టారు
వేస్తాను. అయితే అప్పు విషయంలో తేడా ఉంది. ఇరాక్ ఎక్కువగా బయటి దేశాలకు అప్పు పడింది, రష్యా ఎక్కువగా తన బ్యాంకులకు, తన ప్రజలకే పడుతోంది. తనకు తానే అప్పు పడినవాడు పొరుగువాడి మీద పడతాడా, తన రూబుల్ విలువ తగ్గించుకుంటాడా అన్నది చూడాలి. ఇరాన్–ఇరాక్‌కు ప్రస్తుతానికి అరవై.